విడాకుల కేసులో మీ హక్కులు – 4వ పాఠం: మధ్యంతర మనోవర్తి, ఆస్తుల అఫిడవిట్

కేసు ఏ ఊళ్లో వేయాలో గత పాఠంలో చూశాం. భర్త విజయవాడలో ఉన్నా, గుంటూరులో పుట్టింట ఉంటున్న భార్య గుంటూరు ఫ్యామిలీ కోర్టులోనే వేసుకోవచ్చు. ఇప్పుడు డబ్బు సంగతి. విడాకుల కేసు తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోపు ఇంటద్దె, పిల్లల ఫీజులు ఆగవు. చాలామంది చేతిలో పైసా లేక, న్యాయం కాని రాజీకి తలొగ్గేది ఈ దశలోనే. అందుకే ఈ పాఠం కాస్త పెద్దది.

కేసు తేలేలోపు నెలనెలా ఖర్చులకు ఇప్పించే డబ్బే మధ్యంతర మనోవర్తి. దాన్ని అడగడానికి దారులు రెండు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, నడుస్తున్న విడాకుల ఓపీ (అసలు పిటిషన్)లోనే ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసి నెలవారీ ఖర్చు, కోర్టు ఖర్చు అడగవచ్చు. సంపాదన లేని భర్త కూడా దీని కింద అడగవచ్చు. రెండోది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్. అందరికీ అలవాటైన పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 ఇదే, 2024 జులై 1 నుంచి నంబరు మారింది. దీనికి విడాకుల కేసు ఉండాల్సిన పనిలేదు, మతంతోనూ పనిలేదు, పిల్లల తరఫునా వేయవచ్చు. రెండింటిలోనూ నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. రెండు చోట్లా వేస్తే, మొదటి ఆర్డరు సంగతి రెండో పిటిషన్‌లో రాసి తీరాలి. ఆ మొత్తాన్ని కోర్టు సర్దుబాటు చేస్తుంది.

2020 నవంబర్ 4న రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పద్ధతి చాలా మారింది. భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలి. అవతలి పక్షానికి గరిష్ఠంగా నాలుగు వారాలు. రెండు వాయిదాలకు మించి సాగదీస్తే అతని వాదనను కొట్టేసే అధికారం కోర్టుకుంది. మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కడతారు. కాబట్టి పెద్దమనుషులు మాట్లాడుతున్నారని ఆరు నెలలు ఆగితే, ఆ ఆరు నెలల డబ్బు పోయినట్టే.

జడ్జి మనోవర్తి లెక్క కట్టేది ముఖ్యంగా ఈ అఫిడవిట్ చూసే. దీన్ని లాయరు గుమస్తాకు వదిలేయకండి. ఖర్చుల పేజీలో ‘నెలకు సుమారు 50,000’ అని ఒక్క ముక్క రాస్తే దాన్ని ఎవరూ నమ్మరు. ఇలా రాయండి: ‘ఇంటద్దె 7,500, అద్దె ఒప్పందం జతచేశాను. పాప స్కూలు ఫీజు ఏడాదికి 36,000, అంటే నెలకు 3,000, రసీదు జతచేశాను. అమ్మ షుగరు మందులు 1,200, మూడు నెలల బిల్లులు జతచేశాను.’ అంకె పక్కన కాగితం ఉండాలి. ఇంట్లో బ్లౌజులు కుట్టి నెలకు నాలుగు వేలు తెచ్చుకుంటుంటే అదీ రాయండి. చదువుకున్నంత మాత్రాన, కొద్దిపాటి సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు. దాచినట్టు బయటపడితే మాత్రం మిగతా నిజాలనూ అనుమానిస్తారు.

ఇక భర్త ఆదాయం. జీతగాడైతే తేలికే, పే స్లిప్పు ఉంటుంది. నికర జీతంలో నాలుగో వంతు సబబని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది, అయితే అది అన్ని కేసులకూ వర్తించే సూత్రం కాదు. వ్యాపారి అయితేనే చిక్కు. ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డు నడిపే మనిషి ‘నాకు నెలకు పదిహేను వేలే వస్తాయి’ అని కౌంటర్ (జవాబు పత్రం) వేశాడనుకోండి. అతను కారు ఈఎంఐ పద్నాలుగు వేలు కడుతున్నాడని చూపించండి. మిగిలిన వెయ్యితో ఇల్లెలా గడుస్తోందన్న ప్రశ్నకు జవాబు అతనే చెప్పుకోవాలి. ఆధారాలుగా పనికొచ్చేవి ఇవి: షెడ్డు కరెంటు బిల్లు, పనివాళ్ల సంఖ్య, జీఎస్టీ రిటర్నులు, పొలం ఉంటే మీభూమి (ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్)లో 1బి (హక్కుల రికార్డు), ఇల్లుంటే రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు అయినా ఇదే పద్ధతి. బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ దగ్గర లేకపోతే, తెప్పించమని కోర్టులోనే పిటిషన్ వేయండి. అతని ఫోన్‌లోకి, ఖాతాలోకి దొంగతనంగా వెళ్లొద్దు, అది వేరే కేసవుతుంది. వాట్సాప్ సందేశాలు ఆధారమైతే, స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. అసలు ఫోన్ భద్రంగా ఉంచండి.

కేసు ఎక్కువగా ఎక్కడ చెడుతుంది? స్టాంపు కాగితం దగ్గర. ‘మేమిద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం’ అని పెద్దమనుషుల ముందు సంతకం చేయిస్తారు. పరస్పర అంగీకారంతో విడిగా ఉండే భార్యకు 144 కింద మనోవర్తి రాదని అదే సెక్షన్‌లో ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని ఆ తర్వాత మీ మీదే ప్రయోగిస్తారు. కొట్టడం వల్లో, గెంటేయడం వల్లో బయటికొస్తే, కారణం అదేనని పిటిషన్‌లో తేదీతో సహా రాయాలి. పైగా ఆ కాగితంతో విడాకులు కూడా అయిపోవు. ఆచారం రుజువైన కులాలను మినహాయిస్తే హిందువులకు కోర్టు డిక్రీ తప్పనిసరి.

ఇంకో చిక్కు ఆర్డరు వచ్చాక వస్తుంది. అతను కట్టకపోతే ‘ఎప్పుడైనా వసూలు చేసుకోవచ్చులే’ అని కూర్చోకండి. 144 కింద బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు వేయాలి. గడువు దాటిన నెలలకు ఆ సెక్షన్ కింద వారంటు ఇవ్వరు. గడువులోపు దరఖాస్తు వేస్తే, ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల వరకు జైలు వేసే అధికారం కోర్టుకుంది.

లాయరు ఫీజు భయం వద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

వచ్చే పాఠం లోపు ఈ పని చేయండి. ఒక నోటుపుస్తకంలో గత మూడు నెలల ఖర్చు తేదీలవారీగా రాసి, ప్రతి అంకె పక్కన రసీదు ఉందో లేదో గుర్తు పెట్టండి. లేనివాటికి ఈ వారమే నకళ్లు తెచ్చుకోండి: స్కూలు నుంచి, మందుల షాపు నుంచి, ఇంటి యజమాని నుంచి. 5వ పాఠంలో స్త్రీధనం, అత్తింట్లో ఉండిపోయిన నగలు ఎలా రాబట్టాలో చూద్దాం. పెళ్లి ఫొటోలు, నగల బిల్లులు వెతికి పెట్టుకోండి.