కుట్టు నేర్చుకుందాం – 3వ పాఠం: మీకు నప్పిన కుర్తా నుంచే పేపర్ కటింగ్

ఈ పాఠం బీరువా దగ్గర మొదలవుతుంది. ఇవాళ మిషన్‌తో పని లేదు, కవరు తీయకండి. మీ బట్టల్లో ఉతికి ఆరేసిన మర్నాడే మళ్లీ వేసుకోవాలనిపించే కుర్తా ఒకటి ఉంటుంది కదా, దాన్ని బయటికి తీయండి. రంగు వెలిసిపోయినా పర్లేదు, మనకు కావాల్సింది దాని కొలత. ఆ కొలతతో పేపర్ మీద గీసి కత్తిరించుకునే నమూనానే పేపర్ కటింగ్ అంటాం. మగవాళ్లు లాల్చీ తీసుకోవచ్చు, పద్ధతి ఒకటే.

పెద్దయ్యాక కుట్టు మొదలుపెట్టినవాళ్లు 'ఇప్పుడేం వస్తుందిలే' అని జంకుతుంటారు. నిజానికి పదహారేళ్ల పిల్లలకు తెలియనివి మీకు చాలా తెలుసు. ఏ చంక కొలతయితే చెయ్యి పైకెత్తినప్పుడు పట్టేస్తుందో, ఏ మెడయితే రోజంతా భుజం సర్దుకుంటూ గడపాలో, ఏ పొడుగు బస్సు మెట్లెక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడుతుందో మీ ఒంటికి తెలుసు. ఇన్నాళ్లూ టైలర్‌తో చెప్పడానికి మొహమాటపడి, ఇచ్చిందే వేసుకుని తిరిగాం. ఇప్పుడు ఆ అనుభవమంతా పనికొస్తుంది. ఒక కాగితం మీద ఆ కుర్తాలో ఏది నచ్చిందో, ఏది విసిగించిందో రాయండి. 'భుజం బాగా కూర్చుంది. చేతులు మోచేతి దగ్గర బిగుతు. జేబు లేదు.' ఇలా పొడిపొడిగా రాసినా చాలు. మీ స్టయిల్ ఏంటో ఆ కాగితమే చెబుతుంది.

అయితే ఒక షరతు. ఈ మొదటి కుర్తాలో ఒక్కటే మార్చండి. మెడ, పొడుగు, చేతులు అన్నీ ఒకేసారి మార్చేస్తే, తేడా వచ్చినప్పుడు ఎక్కడ సరిదిద్దాలో అంతుపట్టదు. నన్నడిగితే మొదట మార్చాల్సింది మెడే. మొహానికి దగ్గరగా ఉండేది అదే, ఎవరైనా ముందు చూసేదీ అదే.

బట్ట సంగతి చూద్దాం. జార్జెట్, షిఫాన్ లాంటివి కత్తెర కింద జారిపోతాయి, ఇప్పుడే వాటి జోలికి వెళ్లొద్దు. మంగళగిరి కాటన్ మంచి ఎంపిక. నేత గట్టిగా ఉంటుంది, సుద్ద గీత చక్కగా నిలుస్తుంది, ఇస్త్రీ చేసిన మడత చెదరదు. పెడన కలంకారీ కూడా బాగుంటుంది గానీ, అచ్చు వేసిన పువ్వులకీ కొమ్మలకీ ఒక్కోసారి తలా తోకా ఉంటాయి, ముందూ వెనకా ఒకే దిశలో కత్తిరించాలి. పోచంపల్లి ఇక్కత్‌ను రెండో కుర్తాకు అట్టిపెట్టుకోండి. అందులో నేతకు ముందే నూలుకు రంగులద్ది డిజైన్ తెస్తారు. పక్క కుట్టు దగ్గర ఆ డిజైన్ కలవాలంటే చేతికి కొంచెం అలవాటు కావాలి.

44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) ఉన్న బట్టయితే, మోకాళ్ల కిందిదాకా వచ్చే కుర్తాకూ ముప్పావు చేతులకూ 2.75 మీటర్లు తీసుకోండి. షాపులో 2.5 చాలంటారు. చేయి తిరిగినవాళ్లకు చాలు. మనకు మెడ పట్టీకీ జేబుకీ ఆ పావు మీటరు ఉండాలి. ఇంటికి తేగానే నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయండి. కాటన్ కుంచించుకుపోయేదేదో కత్తెర పడకముందే కుంచించుకుపోవాలి. కుట్టాక మొదటి ఉతుకుకే పైకి లాక్కుపోయిన కుర్తాను ఎవరూ పొడుగు చేయలేరు.

ఆరిన బట్టను చేతుల్లోకి తీసుకుని ఒక చిన్న పరీక్ష చేయండి. అంచు వెంబడి రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగండి. అది పడుగు, అంటే బట్టలో నిలువు దారం, దాదాపు సాగదు. ఇప్పుడు అడ్డంగా లాగండి. పేక, అంటే అడ్డ దారం, కాస్త వదులిస్తుంది. ఆ తర్వాత మూల నుంచి మూలకు, ఐమూలగా లాగి చూడండి. ఇందాకటి బట్టేనా అనిపించేంత సాగుతుంది, వదిలితే మళ్లీ దగ్గరికి వస్తుంది. టైలర్లు 'క్రాస్' అనేది దీన్నే. కుర్తా నిటారుగా వేలాడాలంటే దాని నడిమధ్య గీత పడుగు వెంబడే ఉండాలి. గుండ్రటి మెడ సాగిపోయి వదులవడానికి కారణం కూడా క్రాసే, ఆ వంపులో కొంత భాగం క్రాస్ మీద పడుతుంది మరి. ఈ పరీక్ష చేత్తో చేసి చూడకుండా ముందుకు వెళ్లకండి. చదివితే వచ్చేది కాదిది.

ఇక పేపర్ కటింగ్. న్యూస్‌పేపర్ పెద్ద షీట్లు రెండో మూడో పొడుగ్గా అతికించి, కింద మెత్తగా దుప్పటి పరిచి దాని మీద వేయండి. కుర్తాను నిలువుగా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, మడతను పేపర్ తిన్నని అంచుకు ఆనించండి. మొదట వెనక భాగం గీద్దాం. పక్కల పొడవునా, కింద అంచు వెంబడి పెన్సిల్‌తో గీసుకుంటూ పోవచ్చు. చంక దగ్గర మాత్రం పెన్సిల్ నడవదు, చెయ్యి అడ్డం వస్తుంది. అక్కడ గుండుసూది తీసుకుని, చెయ్యి అతికిన కుట్టు మీదే అరంగుళానికోసారి గుచ్చండి. సూది బట్టలోంచి పేపర్‌లోకి దిగాలి. భుజం చివర నుంచి చంక కిందిదాకా అలా గుచ్చి, కుర్తా తీసేసి పేపర్‌ను వెలుగుకు పట్టుకుంటే చుక్కల వరస కనిపిస్తుంది. ఆ చుక్కలు కలిపితే వచ్చే వంపు మీ చంక కొలత. టైలరింగ్ క్లాసులో సూత్రాలతో, భాగహారాలతో తెచ్చే వంపును మీకు అలవాటైన కుర్తా ఊరికే ఇచ్చేసింది.

ముందు భాగం కూడా ఇలాగే. మెడ లోతు పెరుగుతుంది, చంక వంపు అరంగుళం లోపలికి పోతుంది. చేతులు ముందుకు చాచేది ఎక్కువ కాబట్టి ముందు వైపు అంత బట్ట అక్కర్లేదు.

గీతను గుడ్డిగా నమ్మకుండా టేపుతో ఒకసారి సరిచూసుకోండి. మీ ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలు అనుకుందాం. కుర్తాకు 4 అంగుళాలు వదులు కలిపితే 40, అందులో నాలుగో వంతు 10. పేపర్ మీద మడత నుంచి చంక కిందికి 10 అంగుళాలు రావాలి. సీటు (పిరుదుల చుట్టూ) కొలత మాత్రం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తీసుకోండి. నిలబడి తీసిన కొలతకూ దీనికీ తేడా మీకే తెలుస్తుంది. రెడీమేడ్ కుర్తాలు చాలామందికి పట్టేసేది అక్కడే, పక్కన చీలిక (కట్) మొదలయ్యే చోటే.

గీత పూర్తయ్యాక కుట్టు కోసం అదనంగా వదలాలి. పక్కలకు అంగుళం, భుజానికీ చంకకూ అరంగుళం, మెడకు పావంగుళం, కింద మడతకు అంగుళంన్నర. పక్కల అంగుళం ఎక్కువనిపిస్తుంది గానీ తగ్గించకండి. ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి మన టైలర్లు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి అది. అమెరికాలో ఎబెనేజర్ బటరిక్ 1863లో సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మకానికి పెట్టాడు, అక్కడ ఇంట్లో కుట్టుకునేవాళ్లు ఇప్పటికీ అలాంటివి కొనుక్కుంటారు. మన ఊళ్లలో టైలర్లు కొలత చూసి నేరుగా బట్ట మీదే సుద్దతో గీస్తారు. మీ ఒంటికి సరిపోయే కటింగ్ ఒక్కటి చేతిలో ఉంటే మీకు ఆ రెండూ అక్కర్లేదు.

ఇప్పుడు మెడకు వద్దాం. ఇక్కడ తొందరపడొద్దు. మామూలు గుండ్రటి మెడకు వెడల్పు 6 అంగుళాలు, ముందు లోతు 6, వెనక 3 పెట్టుకోవచ్చు. మడత మీద గీస్తాం కాబట్టి వెడల్పులో సగం, అంటే 3 అంగుళాలే గుర్తు పెట్టండి. ఇంకో పేపర్ మీద మెడ ఆకారాలు మూడు నాలుగు కత్తిరించి, ఒక్కోటీ మెడకు పెట్టుకుని అద్దంలో చూసుకోండి. వీ నెక్, చదరం, పాట్ నెక్, బోట్ నెక్, ఏదైనా సరే. ఎవరికో బాగుందని పెట్టుకోకండి, మీ గొంతు ఎముకల దగ్గర ఏది కుదురుగా ఉందో చూడండి. మెడ వెడల్పు పెంచితే లోతు తగ్గించాలి. ముందూ వెనకా రెండూ లోతు చేస్తే భుజం జారుతుంది, అందుకే లోతు మెడలకు వెనక తాళ్లు పెడతారు. ఎటూ తేలకపోతే అరంగుళం చిన్నగానే గీయండి, తర్వాత పెంచుకోవచ్చు.

మెడకు వేసే పట్టీ దగ్గరే మీ ముద్ర పడుతుంది. మామూలుగా పట్టీని లోపలికి తిప్పేస్తాం. దాన్నే లోపలి వైపు నుంచి కుట్టి బయటికి తిప్పితే అలంకారమవుతుంది. సాదా మంగళగిరి మీద ఇక్కత్ ముక్క గానీ, అమ్మ పాత చీర అంచు గానీ ఇలా వేస్తే ఏ షాపులోనూ దొరకని కుర్తా అవుతుంది. చీర అంచు పడుగు వెంబడి ఉంటుంది, సాగదు. అందుకే అది చదరం మెడకో వీ నెక్‌కో నప్పుతుంది, గుండ్రటి మెడకు వేస్తే ముడతలు పడుతుంది. గుండ్రటి మెడే కావాలంటే క్రాస్‌గా కత్తిరించిన సన్నని పట్టీ వేయండి, లేదా మెడ ఆకారంలోనే రెండంగుళాల వెడల్పు పట్టీ కత్తిరించండి. పాత పట్టు అంచయితే ముందు ఒక మూల మెల్లగా లాగి చూడండి. చిరుగు పట్టేలా ఉంటే దాన్ని వాడొద్దు.

అసలు బట్ట ముట్టుకోకముందు ఈ పేపర్‌ను పాత దుప్పటి మీద పెట్టి కత్తిరించండి. భుజాలూ పక్కలూ చేత్తో దూరం దూరంగా టాకాలు వేసి తొడుక్కోండి. చేతులు లేకుండానే సరిపోతుంది. కింద కూర్చోండి, పై అరలో డబ్బా అందుకోండి, వంగి చెప్పులు తీయండి. ఎక్కడ లాగుతోందో అక్కడ సుద్దతో గీసి, ఆ మార్పును పేపర్ మీదికి ఎక్కించండి. సరిపడిందనిపించాక పేపర్ మీద మీ పేరు, తేదీ, ఛాతీ కొలత, పడుగు దిశకు ఒక బాణం గుర్తు వేసి, మడవకుండా చుట్టి దాచండి.

నాలుగో పాఠంలో అసలు బట్ట మీద కత్తెర పెట్టి మెడ పట్టీతో మొదలుపెడతాం. జేబు కావాలని రాసుకున్నవాళ్లు మీ అరచేతిని పేపర్ మీద పెట్టి చుట్టూ ఒక అంగుళం వదిలి గీసి ఉంచుకోండి. మిషన్‌కు 14 నంబర్ సూది, బట్ట రంగు దారంతో నింపిన బాబిన్లు రెండు సిద్ధంగా పెట్టుకోండి.