గ్రంథాలయానికి ప్లాన్ గీయాలంటే ముందు ర్యాకు, తర్వాతే పిల్లరు

జిల్లా కేంద్రంలో మూడంతస్తుల గ్రంథాలయానికి ప్లాన్ గీయమంటే చాలామంది కల్యాణమండపం గీసిస్తారు. ముందు పోర్టికో, నడుమ పెద్ద హాలు, మిగిలిన మూలలో పుస్తకాలు. ఆ వరస తలకిందులు. ముందు ర్యాకు కొలత తేలాలి. దాన్నిబట్టి పిల్లర్ల దూరం, పిల్లర్లనుబట్టి గదులు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: సైటు కొలతలు, మట్టి పరీక్ష రిపోర్టు (నల్లరేగడి అయితే పునాది కథే వేరు), కొనబోయే ర్యాకుల కొలతలు, ఉన్న పుస్తకాల లెక్క, ఏటా చేరేవాటి అంచనా.

1. ఏ అంతస్తులో ఎవరు

పేపర్లు చదివే పెద్దవాళ్లు, పిల్లలు కింద ఉండాలి. పేపర్ల గదికి బయటినుంచి సొంత తలుపు పెట్టండి. పొద్దున్నే ఆ ఒక్క గది తెరిస్తే చాలు. గ్రూప్స్, డీఎస్సీకి చదివేవాళ్లు సొంత పుస్తకాలతో వచ్చి రాత్రిదాకా కూర్చుంటారు. వాళ్లకు పై అంతస్తు ఇవ్వండి. మనిషికి 25 చదరపు అడుగుల చొప్పున వంద సీట్లకు 2,500 అవుతుంది. తాగునీళ్లు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు టాయిలెట్లు, ప్లగ్ పాయింట్లు ఆ అంతస్తులోనే ఉండాలి. మెట్లు పుస్తకాల ర్యాకులుండే స్టాక్ రూములోంచి పోకూడదు. అలా పోతే రాత్రిపూట పుస్తకాలకు తాళం వేసే వీలుండదు.

పుస్తకాల బరువుకు కింది అంతస్తే మేలు. అనంతపురంలో నీళ్లు నిలవని సైటు దొరికితే అలాగే చేయండి. కర్నూలు పాతబస్తీ వైపు మాత్రం వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి ఎంత ఎత్తున వచ్చాయో అక్కడ అందరికీ తెలుసు. అక్కడ స్టాక్ మొదటి అంతస్తుకు ఎక్కాల్సిందే. సెల్లారు ఊసే ఎత్తకండి.

2. దిక్కులు

చదువుకునే హాలు ఉత్తరానికి. పడమటి గోడకు మెట్లు, టాయిలెట్లు, స్టోరు వరుసగా పెడితే మన ఎండాకాలపు సాయంత్రం ఎండను అవే ఆపుతాయి. నైరుతిలో బరువుండాలనే వాస్తు పెద్దలకు మెట్లూ స్టోరూ ఆ మూలకే వస్తాయని చూపిస్తే వాదన కూడా ఉండదు.

3. పిల్లర్ల గ్రిడ్

ఇక్కడ నిదానించండి. చెడేవన్నీ ఇక్కడే చెడతాయి.

రెండు వైపులా పుస్తకాలు పట్టే ర్యాకు లోతు 450 మి.మీ. వరసల మధ్య దారి 900. వీల్‌చైర్ పోవాలంటే అంతకు తగ్గకూడదు. కలిపితే 1,350, ఐదు వరసలకు 6,750. అందుకే పిల్లరు మధ్య నుంచి పిల్లరు మధ్యకు 22 అడుగుల 6 అంగుళాలు, అంటే సుమారు 6,860 మి.మీ., రెండు దిక్కులా అంతే పెట్టండి. మిగిలిన 110 దారులకు పోతుంది. ఇక వరస పొడవున చూడండి. 900 మి.మీ. ర్యాకులు ఏడు కలిస్తే 6,300, ప్లాస్టరింగుతో పిల్లరు 475. ఇంకా 85 మిగులుతుంది. ర్యాకు పట్టీల మందానికీ, సెంట్రింగులో వచ్చే తేడాకూ అది సరిపోతుంది. ఈ కొలతలో పిల్లరు ర్యాకు వరసలోనే ఇమిడిపోతుంది, దారికి అడ్డం రాదు.

"ఇరవై అడుగులైతే లెక్క సులువు" అంటారు. 6,096లో ఐదు వరసలు పట్టవు. నాలుగు పెడితే ప్రతి గడిలో దాదాపు 700 మి.మీ. దండగ. ఇరికించి ఐదోది పెడితే పిల్లరు దారి మధ్యలో నిలబడుతుంది. సులువు లెక్క ఇంటికి బాగానే ఉంటుంది, స్టాక్ రూముకు పనికిరాదు.

ఇప్పుడు బరువు. కట్టడాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 875 రెండో భాగం ప్రకారం ఇంటి స్లాబు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు మోయాలి (ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు). పుస్తకాలు వేరేచోట ఉండే రీడింగ్ రూముకు 3, అక్కడే ఉంటే 4. స్టాక్ రూముకు 2.2 మీటర్ల ఎత్తు దాకా 6, ఆపైన ప్రతి మీటరుకూ మరో 2. ఈ సంఖ్యలను గ్రిడ్ గీసేముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇవ్వండి. ఆలస్యంగా చెబితే 450 పిల్లరు 600 అయి తిరిగొస్తుంది. పిల్లరుకు రెండు పక్కలా దారి తగ్గి, వీల్‌చైర్‌కు చాలని సందు మిగులుతుంది. పిల్లరు పెరగక తప్పకపోతే ర్యాకు పొడవు దిక్కునే పెంచమనండి. ఏడు ర్యాకులు ఆరవుతాయి, అంతే. పోతే ర్యాకు పోవాలి గానీ దారి పోకూడదు.

ఇంకో మాట. స్టాక్ రూమున్న అంతస్తు మొత్తానికీ 6 లెక్కనే స్లాబు వేయించండి. పుస్తకాలు పెరిగాక రీడింగ్ రూములోకి ర్యాకులు చేరడం ఎక్కడైనా జరిగేదే. 3 లెక్కన వేసిన స్లాబు కింద అప్పుడు చేయగలిగిందేమీ లేదు. స్టీలు ఖర్చు పెరుగుతుందంటారు. పెరగనివ్వండి. పట్టాల మీద జరిగే కాంపాక్ట్ ర్యాకులైతే ఈ 6 కూడా చాలదు. వాటిని కింది అంతస్తులో తప్ప పెట్టకండి.

ర్యాకులు కిటికీ గోడకు అడ్డంగా, అంటే లంబంగా ఉండాలి. అప్పుడే వెలుతురు దారుల్లోకి వస్తుంది. లైట్లు దారి పొడవునా వేయించండి. ర్యాకు నెత్తిన వేసిన ట్యూబ్‌లైటు దుమ్ముకే వెలుగిస్తుంది. కరెంటు ప్లాన్ ర్యాకుల ప్లాన్ మీదే గీయాలి.

4. మిగతావి

మెట్లు రెండు చోట్ల, వెడల్పు 1.5 మీటర్లు, మెట్టు ఎత్తు 150. ర్యాంపు వాలు 12కు 1. లిఫ్టు తలుపు 900. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు. ఫ్లోరింగుకు బేతంచెర్ల బండలు చాలు. నిగనిగలాడే టైల్సు మీద కుర్చీ జరిపితే హాలంతా మోగుతుంది. నడుమ మూడంతస్తుల ఎత్తు ఖాళీ పెట్టమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. కింద పేపర్ల దగ్గర జరిగే రాజకీయ చర్చ పైన పరీక్షకు చదివేవాళ్ల చెవిన పడుతుంది, వేడి కూడా పైకే చేరుతుంది.

చివరగా అన్ని అంతస్తుల ప్లాన్లూ ట్రేసింగ్ పేపరు మీద తీసి, ఒకదానిమీద ఒకటి పరిచి చూడండి. పిల్లర్లు ఒకదాని కింద ఒకటి పడాలి. టాయిలెట్లు టాయిలెట్ల కిందే ఉండాలి. స్టాక్ రూము నెత్తిన టాయిలెట్టు గానీ, నీళ్ల ట్యాంకు గానీ, వాననీటి పైపు గానీ కనిపిస్తే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.