బ్రాంప్టన్‌కి కొత్తగా వస్తున్నారా? ముందు బస్సు చూసుకుని, తర్వాత ఇల్లు వెతకండి

కెనడాలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ జనాభా 2021 లెక్కల్లోనే 6,56,480. ఊరు ఇంత పెరిగినా, దాన్ని కట్టిన తీరు మాత్రం కార్లున్నవాళ్లకే అనువుగా ఉంటుంది. మనవాళ్లు రాగానే మొదట అడిగేది బేస్‌మెంట్ (ఇంటి అడుగున నేలలోపల ఉండే అంతస్తు) అద్దె ఎంత అని. అద్దె తక్కువని ఉత్తరాన మేఫీల్డ్ రోడ్డు దాకా పోయి దిగితే, జనవరి చలిలో బస్టాపులో నిలబడ్డప్పుడు అసలు ఖర్చు తెలిసొస్తుంది. కారు కొనేదాకా ఇల్లూ, పనిచేసే చోటూ ఒకే బస్సు దారిలో ఉండేలా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

1. రోడ్ల లెక్క తెలుసుకోండి

క్వీన్ స్ట్రీట్, మెయిన్ స్ట్రీట్ కలిసే చౌరస్తా ఊరికి నడిబొడ్డు. క్వీన్ అక్కడే ఈస్ట్, వెస్ట్‌గా, మెయిన్ నార్త్, సౌత్‌గా విడిపోతాయి. అడ్రసులో ఆ ఒక్క మాట వదిలేస్తే ఊరి అవతలి చివర తేలతారు. స్టీల్స్ అవెన్యూ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడా స్టీల్స్ ఈస్ట్, వెస్ట్ ఉన్నాయి, టొరంటోలోనూ ఉన్నాయి. ఇక్కడ మెయిన్ నుంచి లెక్క, అక్కడ యంగ్ స్ట్రీట్ నుంచి. అందుకే మ్యాప్‌లో వెతికేటప్పుడు ఊరి పేరు తప్పకుండా కొట్టాలి. ఒకే రోడ్డు పేరు మార్చుకోవడం కూడా ఇక్కడ మామూలే. మెయిన్ స్ట్రీట్ దక్షిణాన మిస్సిసాగా వైపు పోతే హురోంటారియో అవుతుంది. బోవర్డ్ డ్రైవ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు దాటగానే కాసిల్‌మోర్ అయిపోతుంది.

2. బస్సు నంబరు చదవడం నేర్చుకోండి

ఇక్కడి సిటీ బస్సులు బ్రాంప్టన్ ట్రాన్సిట్‌వి. వాటిలో 'జూమ్' పేరుతో తిరిగేవి మన ఎక్స్‌ప్రెస్‌ల లాంటివి, పెద్ద చౌరస్తాల దగ్గరే ఆగుతాయి. క్వీన్ మీద 1 నంబరు స్టాపు స్టాపుకీ ఆగుతుంది, 501 ఆగదు. మెయిన్ మీద 2, 502, బోవర్డ్ మీద 5, 505, స్టీల్స్ మీద 11, 511 కూడా ఇంతే. ఇల్లు చూసేటప్పుడు జూమ్ స్టాపుకి నడిచి ఎంతసేపు పడుతుందో మీరే నడిచి చూడండి. ప్రకటనలో 'బస్సుకి దగ్గర' అని రాసినంత మాత్రాన సరిపోదు, అది అరగంటకో బస్సు వచ్చే స్టాపు కూడా కావచ్చు. గోడౌన్లలో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా చూసుకోవాలి. ఆదివారం టైమింగ్స్ వేరే ఉంటాయి.

చాలామంది తికమకపడే చోటు బ్రామలీ. బ్రామలీ బస్ టెర్మినల్ సిటీ సెంటర్ మాల్ దగ్గర, క్వీన్ పక్కన ఉంటుంది. టొరంటోకి వెళ్లే 'గో' రైళ్లు ఆగే బ్రామలీ గో రైల్వే స్టేషన్ అక్కడ లేదు, దక్షిణాన స్టీల్స్ దగ్గర ఉంది. పేరు ఒకటే కదా అని టెర్మినల్‌లో దిగితే టొరంటో రైలు తప్పినట్టే. డౌన్‌టౌన్‌లో మాత్రం బస్ టెర్మినల్, గో స్టేషన్ పక్కపక్కనే ఉన్నాయి.

3. ప్రెస్టో కార్డు తీసుకోండి

నగదు ఇస్తే టికెట్ ధర ఎక్కువ, పైగా డ్రైవర్ చిల్లర ఇవ్వడు. ముందే డబ్బులు వేసుకుని వాడే ప్రెస్టో కార్డుని బస్సెక్కగానే మిషన్ మీద ట్యాప్ చేస్తే రెండు గంటల దాకా బస్సు మారినా మళ్లీ డబ్బులు పడవు. 2024 ఫిబ్రవరి 26 నుంచి ఈ సౌకర్యం టొరంటో సిటీ బస్సులు, సబ్‌వే నడిపే టీటీసీకీ వర్తిస్తోంది. 501లో వాన్ మెట్రోపాలిటన్ సెంటర్ వెళ్లి సబ్‌వే ఎక్కినా ఇంకో టికెట్ పడదు. అయితే దారి పొడవునా ఒకే కార్డు వాడాలి. బస్సులో ఫోన్‌తో, సబ్‌వేలో చేతిలోని కార్డుతో ట్యాప్ చేస్తే మిషన్ మిమ్మల్ని ఇద్దరు మనుషులనుకుంటుంది. గో రైలు దిగాక కూడా ట్యాప్ చేయాలి, మర్చిపోతే ఎక్కువ చార్జీ పడుతుంది.

4. ఇప్పుడు ఇల్లు చూడండి

బేస్‌మెంట్ అద్దె ఇల్లుగా సిటీ దగ్గర రిజిస్టర్ అయిందో లేదో సిటీ వాళ్ల నంబరు 311కి ఫోన్ చేసి అడగొచ్చు. పడగ్గదికి సరైన కిటికీ, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నాయా అని కళ్లతో చూడండి. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఆఖరి నెల అద్దె ముందుగా అడగొచ్చు గానీ, 'డ్యామేజ్ డిపాజిట్' పేరుతో అడగడం చట్టం ఒప్పుకోదు. మన దేశంలోని అడ్వాన్స్ అలవాటుతో చాలామంది నోరెత్తకుండా ఇచ్చేస్తారు. ఇవ్వాల్సిన పని లేదు. అద్దె కట్టిన ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోండి.

త్వరలో కారు కొనేలా ఉంటే డ్రైవ్‌వేలో (ఇంటి ముందు కారు పెట్టే జాగాలో) మీకు చోటుందో లేదో అగ్రిమెంటులో రాయించుకోండి. రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా వీధిలో కారు ఆపకూడదు. ఓనర్ నోటిమాటగా 'చూద్దాంలే' అంటే, ఆ జరిమానా కట్టేది మీరే.

5. కారు మాట

ఇండియాలో బయల్దేరే ముందే ఆర్టీఓ ఆఫీసులో డ్రైవింగ్ లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ (ఎప్పటి నుంచి లైసెన్స్ ఉందో చూపే కాగితం) తీసుకోండి. ఇక్కడ స్థిరపడ్డాక పాత లైసెన్స్ 60 రోజులే చెల్లుతుంది. రెండేళ్లకు పైబడిన అనుభవాన్ని ఒప్పుకుంటే రాత పరీక్ష అయ్యాక నేరుగా జీ (పూర్తి లైసెన్స్) రోడ్డు టెస్టుకి వెళ్లొచ్చు.

కారు కొనే ముందే ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. కెనడాలోనే ప్రీమియం ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇదొకటి. నెలవారీ అంకె చూశాక కొన్నాళ్లు బస్సే నయమనిపిస్తే ఆశ్చర్యం లేదు. చలికాలం టైర్లు వేయిస్తే కంపెనీ తగ్గింపు ఇవ్వాలి, అడగండి. 407 హైవే మీద టోల్ గేట్లు కనబడవు గానీ కెమెరాలు నంబర్ ప్లేటు చూసి బిల్లు ఇంటికి పంపిస్తాయి. మ్యాప్‌లో టోల్ రోడ్లు వద్దని సెట్ చేసుకోండి.

ఇంట్లో అమ్మానాన్నలు 65 దాటి, ఇక్కడే నివాసం ఉంటే ట్రాన్సిట్ వాళ్ల దగ్గర సీనియర్ గుర్తింపు కార్డుకి అప్లై చేయండి. దాంతో సిటీ బస్సు వాళ్లకి ఉచితం. మీ సెలవు రోజు కోసం ఎదురుచూడకుండా గుడికో, చింగూకూసీ పార్కుకో వాళ్లే వెళ్లొస్తారు.