గర్భసంచి జారినప్పుడు జీవన నాణ్యతను కొలవడం – భాగం 3: ఆరు ప్రశ్నలు, ఒక అంకె

గత భాగం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. ఒకరికి జారుడు రెండో దశలో ఉంది, మరొకరికి మూడో దశలో ఉంది. ఎవరికి బాధ ఎక్కువ? మూడో దశ అని రాసినవారు ఆ జవాబు కొట్టేయండి. దశను బట్టి చెప్పలేం. జారుడు దశను తేల్చడానికి వైద్యులు చేసే పాప్-క్యూ పరీక్ష కన్నెపొర స్థానం నుంచి ఎన్ని సెంటీమీటర్లు జారిందో చెబుతుంది. ఆమె నీళ్ల బిందె ఎత్తగలుగుతోందా, బస్సులో రెండు గంటలు కూర్చోగలుగుతోందా అన్నది మనం అడిగితేనే తెలుస్తుంది.

అడగడానికి వాడే పత్రాల్లో పీఎఫ్‌డీఐ-20 ఒకటి. కటి కింది భాగంలోని లక్షణాలు ఎంత ఇబ్బంది పెడుతున్నాయో అడిగే ప్రశ్నపత్రం ఇది. అంతకుముందున్న పెద్ద ప్రశ్నపత్రానికి ఈ 20 ప్రశ్నల పొట్టి రూపాన్ని 2005లో అమెరికా వైద్యుడు మాథ్యూ బార్బర్, ఆయన సహచరులు ప్రచురించారు. జారుడుకు 6, మలవిసర్జనకు 8, మూత్రానికి 6 ప్రశ్నలుంటాయి. ఈ భాగంలో మొదటి ఆరు నేర్చుకుందాం.

గడిచిన 3 నెలల్లో పొత్తికడుపులో ఒత్తిడి ఉందా? కటి భాగంలో బరువుగా ఉందా? యోని దగ్గర ఉబ్బు గానీ, ఏదో జారి బయటికి వస్తున్నట్టు గానీ కంటికో చేతికో తెలుస్తోందా? మలం పూర్తిగా పోవడానికి యోనినో మలద్వారం చుట్టూనో నొక్కాల్సి వస్తోందా? మూత్రం ఇంకా మిగిలిపోయినట్టు ఉంటోందా? మూత్రం రావడానికి ఆ ఉబ్బును వేలితో పైకి నెట్టాల్సి వస్తోందా? ఇవి సారాంశం మాత్రమే. అసలు పనిలో ఆమోదించిన అనువాదాన్నే ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్కొక్కరిని ఒక్కో మాటతో అడిగితే అంకెలను పోల్చలేం.

ప్రతి ప్రశ్నకూ రెండు మెట్లు. లక్షణం లేదంటే 0. ఉందంటే అక్కడితో ఆగకుండా, ఎంత ఇబ్బంది పెడుతోందో అడగాలి. అసలు ఇబ్బంది లేదంటే 1, కొంచెం అంటే 2, ఒక మోస్తరు అంటే 3, చాలా అంటే 4. కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది 1 దగ్గరే. "ఉంది గానీ ఇబ్బంది లేదమ్మా" అన్న మాట విని 0 వేస్తారు. లక్షణం ఉంది కాబట్టి అది 1.

ఇప్పుడు లెక్క. ఊహకు ఒకామె జవాబులు 2, 3, 4, 0, 3, 0 అనుకుందాం. మొత్తం 12. ఆరుతో భాగిస్తే సగటు 2. దాన్ని 25తో గుణిస్తే 50. ఈ కొలత 0 నుంచి 100 వరకు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ బాధ ఎక్కువ.

అదే ఆమె నాలుగో ప్రశ్నకు తల దించుకుని ఏమీ చెప్పలేదనుకోండి. ఆ గడిని ఖాళీగా వదిలి, జవాబిచ్చిన అయిదింటితోనే భాగించాలి: 12ను 5తో భాగిస్తే 2.4, 25తో గుణిస్తే 60. మౌనాన్ని 0గా రాసి ఉంటే 50 వచ్చేది. పది మార్కుల బాధ కాగితం మీద మాయమయ్యేది! నాకు ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైనది ఇదే. వేలితో నొక్కుకోవాల్సి వస్తోందని ఒక మహిళ పైకి చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. అత్తగారో, భర్తో, కొడుకో పక్కనుంటే అసలు చెప్పదు. తలుపు వేసి, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా అడగండి. చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి, జవాబు మాత్రం ఆమెనే ఎంచుకోనివ్వండి. "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అంటే దాన్ని లేదు అని రాసుకోవద్దు. ఎవరికి మామూలు అన్నది వదిలేసి, ఆమెకు ఎంత ఇబ్బందిగా ఉందో మళ్లీ నెమ్మదిగా అడగండి.

అభ్యాసం: జవాబులు 0, 3, 4, ఖాళీ, 2, 1. అంకె ఎంత? ఖాళీని 0గా పొరబడితే ఎంత వస్తుంది? రెండూ కాగితం మీద వేసి ఉంచండి. వచ్చే భాగంలో సరిచూసుకుని, ఇంటి పని, ప్రయాణం, నలుగురిలోకి వెళ్లడం గురించి అడిగే పీఎఫ్‌ఐక్యూ-7 అనే మరో ప్రశ్నపత్రానికి వెళదాం.