వుల్వరిన్ గతాన్ని పుట్టుక నుంచి చదవకండి

లోగన్, అంటే మార్వెల్ కామిక్స్‌లో ఎక్స్-మెన్ జట్టు వీరుడు వుల్వరిన్, అతని చిన్నతనం "ఆరిజిన్" అనే కామిక్‌లో ఉందని తెలిసి చాలామంది అదే ముందు తెరుస్తారు, ఆరు సంచికలే కాబట్టి ఒక పూటలో అయిపోతుంది కూడా. దయచేసి అలా చేయకండి. వుల్వరిన్ 1974లో హల్క్ కామిక్‌లో కనిపించాడు, ఆరిజిన్ మొదలైంది 2001లో. ఇన్నేళ్ళూ అతను ఎక్కడ పుట్టాడో మనకి తెలీదు, అతనికీ గుర్తులేదు. ఆ వెలితి మీరూ కొన్నాళ్ళు మోయాలి.

1982లో క్రిస్ క్లేర్‌మాంట్ రాసి ఫ్రాంక్ మిల్లర్ గీసిన నాలుగు "వుల్వరిన్" సంచికలతో మొదలుపెట్టండి. మొదట్లోనే, విషం పూసిన బాణం తగిలి పిచ్చెత్తిపోయిన ఎలుగుబంటిని చంపాల్సి వస్తుంది అతనికి. చంపేశాక ఆ బాణం వేసినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్తాడు. మనిషి ఎలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది, తర్వాత కథ జపాన్‌కి, అతను ప్రేమించిన మరికో దగ్గరికి వెళ్తుంది.

ఆ తర్వాత 1991లో వచ్చిన "వెపన్ ఎక్స్", బ్యారీ విండ్సర్-స్మిత్ ఒక్కడే రాసి గీసింది. లోగన్ ఎముకలకి అడమాంటియం అనే విరగని లోహం ఎక్కించే ప్రయోగం ఇది. ఫోన్‌లో వద్దు, పుస్తకంలోనో పెద్ద స్క్రీన్ మీదో చదవండి, ఎందుకంటే మాటలన్నీ పేజీ నిండా పరుచుకున్న చిన్నచిన్న రంగు పెట్టెల్లో ఉంటాయి, ప్రయోగం చేసేవాళ్ళలో ఏది ప్రొఫెసర్‌దో, ఏది డాక్టర్ కార్నీలియస్‌దో, ఏది క్యారల్ హైన్స్‌దో రంగుని బట్టి పోల్చుకోవాలి. నేనైతే ముందు ఒకసారి బొమ్మలు మాత్రమే చూస్తూ వెళ్ళమంటాను. వాళ్ళు ముగ్గురూ ఆగకుండా మాట్లాడుతూనే ఉంటారు, ఒంటినిండా వైర్లతో ఉన్న మనిషికి మాత్రం దాదాపు మాటే ఉండదు. నెత్తురు బాగా ఉంటుంది, పిల్లలకి ఇవ్వకండి.

తర్వాత 1993 నాటి ఎక్స్-మెన్ 25, వుల్వరిన్ 75 సంచికలు. లోహాన్ని దూరం నుంచే ఆడించగల మాగ్నెటో ఆ అడమాంటియం అంతా ఒంట్లోంచి లాగేస్తాడు. ఇక పిడికిళ్ళలోంచి పొడుచుకొచ్చే ఆ లోహపు గోళ్ళు ఉండవనుకుంటాం, లోగన్ కూడా అదే అనుకుంటాడు, కానీ ఎముక గోళ్ళు బయటికొస్తాయి! అవి ప్రయోగశాల పెట్టినవి కావు, ఒంట్లో ముందునుంచీ ఉన్నవే. ఆరిజిన్ ముందే చదివేస్తే ఈ దెబ్బ మీకు తగలదు.

ఇప్పుడు ఆరిజిన్. పంతొమ్మిదో శతాబ్దం చివర, కెనడాలోని ఆల్బర్టాలో పెద్ద ఎస్టేట్, జేమ్స్ హౌలెట్ అనే జబ్బు పిల్లాడు (మన లోగనే), అతనికి తోడుగా తెచ్చిన రోజ్ అనే ఎర్రజుట్టు అమ్మాయి. గోళ్ళు మొదటిసారి పొడుచుకొచ్చిన రాత్రి దగ్గర తొందరపడకండి, ఆండీ క్యూబర్ట్ గీసిన ఆ పిల్లాడి మొహం చూడండి. అశ్వత్థామకి గాయం మానకపోవడం శిక్ష, ఈ పిల్లాడికి మానిపోవడమే శిక్ష. ఒంటి మీద దెబ్బలతో పాటు మనసుకి తగిలినవాటిని కూడా ఆ శరీరం చెరిపేస్తుంది. రోజ్‌కి ఏమవుతుందో ఇక్కడ చెప్పను.

అన్నట్టు, 2006లో మొదలై యాభై సంచికలు నడిచిన "ఆరిజిన్స్" వేరే సిరీస్, కొనేటప్పుడు పేరు చూసుకోండి. అది తర్వాతైనా పర్వాలేదు. ముందు పాత ఎక్స్-మెన్ సంచికలు మళ్ళీ తీసి, లోగన్ తన జట్టులోని జీన్ గ్రే వంక చూసే పేజీల దగ్గర ఆగండి. ఆమెదీ ఎర్రజుట్టే.