ఆకుల పొరలో పురుగులు వెతికేవారికి

అరకు, మారేడుమిల్లి లాంటి కొండ అడవుల్లో రాలిన ఆకుల కింద చీమలు, సాలీళ్లు, జెర్రులు, రోకలిబండలు ఎన్ని రకాలున్నాయో సర్వే చేసేవారు వాన వెలిసిన వెంటనే జల్లెడ పట్టకండి. తడి ఆకు వలకు అతుక్కుంటుంది, చిన్న ప్రాణులు దానితోనే ఉండిపోతాయి. పై ఆకులు ఆరేదాకా ఆగండి.

చదరపు మీటరు చట్రం వేశాక ఆకులను అంచుల నుంచి మధ్యకు చకచకా లాగండి. మెల్లగా లాగితే సాలీళ్లు మీకన్నా ముందే వెళ్లిపోతాయి. జల్లించిన పొడిని గుడ్డసంచిలో మూతి బిగించి నీడన ఉంచాలి.

అసలు విషయం విన్‌క్లర్ సంచి దగ్గర ఉంది. జల్లించిన పొడిని వల సంచుల్లో నింపి లోపల వేలాడదీసే, అడుగున ఆల్కహాల్ సీసా ఉండే గుడ్డసంచి ఇది. చీమల సర్వేల్లో దాన్ని సాధారణంగా 48 గంటలు వేలాడదీస్తారు. పొడి ఆరేకొద్దీ పురుగులు కదిలి కింది ఆల్కహాల్ సీసాలో పడతాయి. మంచు కమ్మే ఊళ్లో వరండాలో కడితే ఆ పొడి ఆరనే ఆరదు. గాలి ఆడే పొడి గదిలో కట్టండి. మరునాడు లోపలి వల సంచులను పళ్లెంలో గుమ్మరించి, కలిపి, మళ్లీ నింపండి. కుదుపుకు స్ప్రింగ్‌టెయిళ్లు (ఆకుల పొరలో ఉండే, ఎగిరే అతి చిన్న ప్రాణులు) టపటపా ఎగురుతాయి, పళ్లెం అంచు ఎత్తుగా ఉండాలి. పళ్లెంలో మిగిలిన దుమ్మునూ సంచిలోనే వేయండి, అతి చిన్న చీమలు అందులోనే ఉంటాయి.

డీఎన్‌ఏ పరీక్షలకైతే 95 శాతం ఆల్కహాల్ వాడండి. చోటు, ఎత్తు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపలే వేయాలి. మామూలు పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.