బ్యాలే నేర్చుకునే పిల్లల వెనక: క్లాసు నుంచి ఆడిషన్ దాకా తల్లిదండ్రుల పని

పిల్ల పాదం ఎలా పెట్టాలో చెప్పాల్సింది టీచరే. ఇంట్లో ఇంకో టీచరు తయారైతే ఒకే అడుగుకి రెండు రకాల దిద్దుబాట్లు వచ్చిపడతాయి, పిల్ల దేన్నీ సరిగ్గా పట్టుకోలేదు. కానీ క్లాసు తలుపు బయట జరిగేదంతా మీ చేతిలోనే ఉంది: నిద్ర, తిండి, షూస్, నొప్పి, ఫారాలు, ప్రయాణం. బ్యాలే బడిలో చేర్చుకోవడానికి పెట్టే ఆడిషన్‌లో పిల్ల తేటగా, తేలిగ్గా కనపడిందంటే అందులో ఈ పని వాటా చాలానే ఉంటుంది.

చేర్చే ముందు చూడాల్సినవి

గోడమీది ఫొటోలు, కప్పులు తర్వాత చూడొచ్చు, ముందు నేల చూడండి. బ్యాలేకి కావాల్సింది స్ప్రంగ్ ఫ్లోర్. చెక్క పలకల కింద ఖాళీ, రబ్బరు దిమ్మలు ఉండి, గెంతి దిగినప్పుడు నేలే కాస్త లొంగుతుంది. దానిమీద జారకుండా వినైల్ పరుస్తారు. సిమెంటు మీద నేరుగా వినైల్ పరిచినా చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి అడిగి తెలుసుకోండి. గట్టి నేలమీద ప్రతి గెంతు దెబ్బా ముంగాలి ఎముకకీ మోకాలికీ పోతుంది.

తర్వాత పెద్ద పిల్లల క్లాసు ఒకటి చూడనివ్వమనండి. వాళ్ళు పాదాలు బయటికి తిప్పి నిలబడినప్పుడు రెండు చోట్ల చూపు పెట్టండి. పాదం లోపలి వంపు నేలకి కూలిపోతోందా? ప్లీయేలో మోకాళ్ళు వంచినప్పుడు మోకాలిచిప్ప పాదం రెండో వేలి మీదుగా వెళ్తోందా, లోపలికి పడుతోందా? టర్నౌట్, అంటే కాళ్ళు అలా బయటికి తిరగడం, పుట్టాల్సింది తుంటి కీలులో. ఆ కీలు ఎంత తిరుగుతుందన్నది చాలావరకు ఎముక ఆకారాన్ని బట్టి ఉంటుంది, 180 డిగ్రీలు సహజంగా వచ్చేవాళ్ళు బహు కొద్దిమంది. తుంటి ఇవ్వనిదాన్ని పాదంతో లాక్కుంటే ఆ మెలిక మోకాలి మీదా చీలమండ మీదా పడుతుంది. క్లాసులో సగంమంది పాదాలు అలా కూలి ఉండి టీచరు ఏమీ అనకపోతే ఆ బడి వద్దు.

ఇదే కారణానికి ఇంట్లో ఒక పని మాత్రం చెయ్యకండి. పిల్లని కప్పలా బోర్లా పడుకోబెట్టి తుంటిమీద కూర్చోవడం, మోకాళ్ళు నొక్కడం, పాదాలు సోఫా కింద ఇరికించి వంచడం. కీలుని పట్టి ఉంచే బంధనాలు (లిగమెంట్లు) సాగితే మళ్ళీ బిగుసుకోవు. వదులైన కీలుని కండబలంతో ఆపడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

ఎన్ని గంటలు

5, 6 ఏళ్ళ పిల్లకి వారానికి ముప్పావు గంట క్లాసు ఒకటి చాలు. 8, 9 ఏళ్ళకి రెండు, 11 వచ్చేసరికి మూడు నాలుగు. పిల్లల క్రీడా వైద్యులు చెప్పే ఒక కొలత గుర్తుపెట్టుకోండి: వయసెంతో వారానికి అన్ని గంటలు దాటకూడదు. డాన్స్‌నే వృత్తిగా నేర్పే బడుల్లో చేరాక ఇది దాటుతుంది, నిజమే. అయితే అక్కడ ఫిజియోథెరపిస్టు, తీరిక వేళలు అన్నీ కలిపి అమర్చి ఉంటాయి. బయట రెండు మూడు చోట్ల క్లాసులు తీసుకునే పిల్లకి మొత్తం గంటలు లెక్కపెట్టేవాళ్ళు ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరు. క్యాలెండర్ మీద రాసి పెట్టండి. వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు. 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటలు, 13 దాటితే 8 నుంచి 10 గంటలు నిద్ర.

ఎత్తు పెరిగే ఏడాది

ఎక్కువమంది పిల్లలు డాన్స్ మానేసేదీ, దెబ్బలు తగిలించుకునేదీ ఇప్పుడే. ఆడపిల్లలు సుమారు 11, 12 ఏళ్ళకి, మగపిల్లలు 13, 14 ఏళ్ళకి ఒక్కసారిగా పొడుగవుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకబడుతుంది. నిన్నటిదాకా చెవి దగ్గరకొచ్చిన కాలు ఈరోజు నడుము దాటదు. పిరువెట్‌లు (ఒంటికాలి మీద గిర్రున తిరగడాలు) తూలిపోతాయి. పిల్లకి తను వెనకబడ్డానేమోనని బెంగ, టీచరుకి శ్రద్ధ తగ్గిందేమోనని అనుమానం.

మూడు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు రాయండి. మామూలుగా ఈ వయసులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. మూడు నెలల్లోనే 2 సెంటీమీటర్లు దాటితే టీచరుకి చెప్పండి. ఆ నెలల్లో గెంతులు, కాలు బలంగా పైకి విసిరే పనులు తగ్గించి, బార్ (చేత్తో పట్టుకుని నిలబడే కడ్డీ) దగ్గర నిదానంగా చేసేవీ బలం పెంచేవీ ఎక్కువ చేయిస్తారు. పోయిన నైపుణ్యం తిరిగొస్తుంది, ఈ మాట పిల్లకి ముందుగానే చెప్పి ఉంచాలి.

మోకాలిచిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి, మడమ వెనక నొప్పి ఈ దశలో తరచుగా వస్తాయి. కండరం లాగేచోట ఇంకా ముదరని ఎముక రేగడమే కారణం. విశ్రాంతితో తగ్గుతాయి, పట్టీ కట్టి నెట్టుకొస్తే నెలలు సాగుతాయి. కండరం పట్టేసిన నొప్పి కొన్ని రోజుల్లో పోతుంది. ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి, కుంటుకుంటూ నడిపించే నొప్పి డాక్టరుకి చూపించాల్సినవి.

తిండి విషయంలో ఒక్కటే గట్టిగా పట్టుకోండి: పిల్ల శరీరం గురించి, బరువు గురించి ఇంట్లో వ్యాఖ్యలు ఉండకూడదు, పొగడ్త అయినా సరే. సన్నబడ్డావని మెచ్చుకున్నా పిల్ల మనసులో అది లెక్కగా పడుతుంది. ఖర్చుపెట్టే శక్తికి తగినంత తినకపోతే ముందు నెలసరి, ఆ వెనక ఎముక బలం దెబ్బతింటాయి, పాదం ఎముకలకీ ముంగాలికీ సన్న చీలికలు వస్తాయి. 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకపోయినా, మొదలైన నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. డాన్స్ చేసేవాళ్ళకి అది మామూలేనని ఎవరన్నా ఆగకండి.

పాయింట్ షూస్ ఎప్పుడు

వేళ్ళ కొసల మీద నిలబడడానికి వేసుకునే ఈ షూస్ పుట్టినరోజు చూసి ఇచ్చేవి కావు. సాధారణంగా 11, 12 ఏళ్ళకి ముందు ఇవ్వరు, దాని వెనక కనీసం మూడు నాలుగేళ్ళ క్రమమైన శిక్షణ ఉండాలి. పాదం ఎముకల పెరుగుదల అంచులు పదమూడు పద్నాలుగేళ్ళ దాకా పూర్తిగా మూసుకోవు, అందుకే బలం లేకుండా ఎక్కడం ప్రమాదం. టీచరు చూసేవి ఇలా ఉంటాయి: ఒంటికాలి మీద మడమ పూర్తి ఎత్తుకి కనీసం ఇరవై సార్లు లేపగలగడం, ముందుకి చాచిన పాదం ముంగాలితో ఒకే గీతలోకి రావడం, ఒంటికాలి ప్లీయేలో తుంటి పక్కకి జారకుండా నిలవడం.

మొదటి జత ఆన్‌లైన్‌లో కొనొద్దు, కొలత చూసి తొడిగే మనిషి దగ్గరికే వెళ్ళండి. నేలమీద నిలబడి ప్లీయే చేస్తే వేళ్ళ కొసలు షూ లోపలి ముందు అంచుని తాకాలి, ముడుచుకోకూడదు. పైకి లేచినప్పుడు మడమ దగ్గర గుడ్డ వేళ్ళతో గిల్లేంత వదులవ్వాలి, అంతకు మించి వద్దు. పెరిగే కాలే కదా అని ఒక సైజు పెద్దది తీసుకుంటే పాదం లోపలికి జారి బరువంతా బొటనవేలి గోరుమీద పడుతుంది. గోరు నల్లబడ్డం అలాగే మొదలవుతుంది.

రిబ్బన్లు కుట్టే పని మీదే అవుతుంది. జతకి రెండున్నర మీటర్లు కొని నాలుగు సమాన ముక్కలు చేయండి. మడమ భాగాన్ని లోపలికి అడుగుమీదకి మడవండి, మడత పడ్డ మూల దగ్గర పెన్సిలు గుర్తు పెట్టండి, రిబ్బన్ అక్కడ కూర్చోవాలి. రిబ్బన్ కొసని ఒకసారి మడిచి లోపలి గుడ్డకే నలుచదరంగా కుట్టాలి. షూ అంచులో నడిచే సన్న తాడుని సూది తాకకూడదు, తాకిందంటే ఆ తాడు మళ్ళీ బిగించుకోలేరు. మామూలు దారం తెగుతుంది, పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ బాగా పట్టుకుంటుంది. మిగతా కొసలు మంట అంచున ఒక్క క్షణం చూపిస్తే పీచులు లేవవు. ముడి చీలమండ లోపలి వైపు, ఎముకకీ మడమ నరానికీ మధ్య పల్లంలో దాగాలి. మడమ నరం మీదే ముడి పడితే వారంలో వాపు వస్తుంది.

క్లాసయ్యాక షూస్ బ్యాగులోనే మగ్గబెట్టకుండా గాలికి ఆరబెట్టండి. చెమట తడి ఆరకపోతే బాక్స్ (వేళ్ళ చుట్టూ ఉండే గట్టి ముందు భాగం) మెత్తబడుతుంది. బాక్స్ మెత్తబడ్డ షూ మీద నిలబడితే పాదం ముందుకి మితిమీరి ఒరుగుతుంది, బెణుకులకి అది దారి.

ఏ బడికి పంపాలి

బడుల చరిత్రలు పెద్దవి. పారిస్ ఒపెరా బ్యాలే బడి 1713 నాటిది, సెయింట్ పీటర్స్‌బర్గ్ వగనోవా అకాడమీ 1738 నాటిది, లండన్ రాయల్ బ్యాలే స్కూల్ 1926లో, న్యూయార్క్ స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే 1934లో మొదలయ్యాయి. మీకు పనికొచ్చేది వాటి పద్ధతుల్లో తేడా. ఉదాహరణకి అరబెస్క్‌లని (ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచే భంగిమలు) రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ పద్ధతిలో మూడుగా, వగనోవాలో నాలుగుగా, ఇటాలియన్ టీచరు చెకెట్టీ పద్ధతిలో ఐదుగా లెక్కపెడతారు. మూడో అరబెస్క్ అని గదిలో వినపడ్డప్పుడు పిల్ల వేరేది ఎత్తొచ్చు. న్యూయార్క్ బడి స్థాపకుల్లో ఒకడైన బాలంచైన్ శైలి బడుల్లో పిరువెట్‌కి ముందు వెనక కాలు నిటారుగా ఉంచుతారు, మిగతాచోట్ల రెండు మోకాళ్ళూ వంచుతారు. దరఖాస్తు పెట్టే బడి ఏ పద్ధతిదో తెలుసుకుని, నెల రెండు నెలల ముందు ఆ పద్ధతి తెలిసిన టీచరు దగ్గర నాలుగైదు క్లాసులు తీసుకోనివ్వండి. దానికి ఇంకో లాభమూ ఉంది: కొత్త గొంతు చెప్పే కొత్త అడుగుల వరుసని రెండుసార్లు చూసి పట్టుకోవడం అలవాటవుతుంది. ఆడిషన్‌లో చాలామంది తడబడేది అక్కడే.

నాలుగైదు బడులకి పెట్టండి, అన్నీ ఒకే మెట్టువి కాకుండా. అమెరికాలో వేసవి శిబిరాల ఆడిషన్లు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లోనే అయిపోతాయి కాబట్టి ఫొటోల పని శరదృతువులోనే మొదలుపెట్టాలి.

ఫొటో, వీడియో

సాదా లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే డాన్స్ దుస్తు), టైట్స్, పావడా లేకుండా, జుట్టు ముడి. వెనక ఖాళీ గోడ. మామూలుగా అడిగేవి మొదటి అరబెస్క్, పక్కకి చాచిన తాండ్యూ (వేళ్ళ కొస నేలని వదలకుండా కాలు చాచడం). కెమెరా పిల్ల నడుము ఎత్తులో ఉండాలి. నిలబడి మన కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా పడతాయి, కింద కూర్చుని పైకి తీస్తే ఎత్తిన కాలి కోణం వంకరగా కనపడుతుంది. కాలు ఎంత ఎత్తు లేచిందని చూడకండి. నిలబడ్డ మోకాలు నిటారుగా ఉందా, తుంటి సమంగా ఉందా అని చూడండి. తొంభై డిగ్రీల శుభ్రమైన గీత, నడుము వంకరపోయిన నూట ఇరవై కంటే మేలు. ఏది పంపాలో చివరి మాట టీచరుది.

వీడియోకి ఫోన్ అడ్డంగా, ట్రైపాడ్ మీద, కదలకుండా. గెంతినప్పుడు తలా, దిగినప్పుడు పాదాలూ ఫ్రేములోనే ఉండాలి, అందుకు ఐదారు మీటర్ల దూరం కావాలి. కిటికీ పిల్ల వెనక ఉంటే మనిషి నీడలా మిగులుతుంది. ఒక వరుస మధ్యలో కత్తిరించి అతికించకండి, చూసేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. ఒక్కో వరుసకి మూడు సార్లకి మించి తీయొద్దు. నాలుగోసారి నుంచి అలసట కనపడుతుంది. బార్ ఒక రోజు, సెంటర్ (బార్ లేకుండా గది మధ్యలో చేసేవి) ఇంకో రోజు తీసుకోండి.

ఆ రోజు

రెండు మూడు గంటల ముందు అలవాటైన భోజనం. కొత్త వంట, కొత్త షూ, కొత్త లియోటార్డ్ ఏదీ ఆ రోజు వద్దు. గంట ముందు చేరండి.

ముడి ఇలా: జుట్టు తడిపి దువ్వి, దవడ మూల నుంచి చెవి మీదుగా పైకి గీత గీస్తే తలమీద ఎక్కడికి చేరుతుందో అక్కడ పోనీ కట్టండి. పురి తిప్పి చుట్టండి, చక్రంలా పల్చగా పరచండి, నెట్ వేయండి. యు ఆకారపు పిన్ను ముడి అంచున కాస్త జుట్టు తీసుకుని, బయటివైపు నుంచి తిప్పి మధ్యలోకి గుచ్చాలి. నేరుగా గుచ్చితే తిరిగినప్పుడు ఎగిరిపోతుంది. తల గట్టిగా ఊపించి చూడండి.

బ్యాగులో: రెండో జత టైట్స్, షూస్, నంబరు కాగితానికి నాలుగు పిన్నీసులు, సూది దారం, నీళ్ళు.

వార్మప్ పావుగంట: ఒళ్ళు వేడెక్కేలా చిన్న పరుగు, కాళ్ళు ఊపడం, పాదాలు కదిలించడం. నిమిషం దాటి స్ప్లిట్‌లో కూర్చుంటే కండరం వదులై గెంతులో ఎత్తు తగ్గుతుంది. అది ఇంటికొచ్చాక.

లోపల చూసేది పొరపాటు లేని నాట్యం కాదు. దిద్దుబాటు చెప్పగానే వెంటనే మార్చుకునే ప్రయత్నం చేస్తోందా, పక్కపిల్లకి చెప్పిన దిద్దుబాటు తనకీ వర్తింపజేసుకుంటోందా, సంగీతం వింటోందా, శరీరం ఏ పనికి తయారుగా ఉందీ చూస్తారు. అందుకే పిల్లకి ముందే చెప్పండి: వరుస మరిచిపోతే ఆగకు, సంగీతంతో పాటు నడువు, తర్వాతి అడుగు దగ్గర కలుసుకో. కొన్ని బడులు చివరి దశలో ఫిజియో పరీక్ష పెడతాయి. పాత దెబ్బలు అక్కడ దాచొద్దు.

బయటికి రాగానే ఏం జరిగిందని అడక్కండి. నీళ్ళివ్వండి, పొడి బట్టలు తొడగనివ్వండి. తనే చెబుతుంది.

జవాబు వచ్చాక

కాదన్న జవాబుల్లో చాలావాటికి కారణం రాయరు. ఆ ఏడు ఎన్ని ఖాళీలున్నాయి, ఆ తరగతిలో ఎలాంటివాళ్ళు ఉన్నారు, తుంటి ఎంత తిరుగుతుంది అన్నవాటిలో పిల్ల చేయగలిగింది కొద్దే. ఆ రోజంతా ఏడవనివ్వండి. రెండు రోజులాగి టీచరుతో కూర్చుని వీడియో మళ్ళీ చూడండి, రాబోయే ఆరు నెలలకి రెండే విషయాలు ఎంచుకోమనండి. మొదటి ప్రశ్న మాత్రం పిల్లకే, ఎవరూ లేనప్పుడు వెయ్యాలి: వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళాలని ఉందా? లేదంటే ఫారం నింపకండి. ఉందంటే, వచ్చే సోమవారం క్లాసుకి టైట్స్ ఉతికి పెట్టండి.